పార్కిన్సన్స్: మాత్రల బదులు దూలగొండి పొడి ఇవ్వవచ్చా?

జయనగర్ వాసి: నాన్నకు లెవోడోపా మాత్రలు పడటం లేదు, ఒకటే వికారం. తెలిసినవారు దూలగొండి గింజల పొడిని పాలలో కలిపి ఇమ్మంటున్నారు. అసలు మెదడులో తగ్గింది డోపమైన్ అనే రసాయనం అయితే, దాన్నే నేరుగా ఎందుకు ఇవ్వరు?

మందుల మాస్టారు: ఇచ్చినా మెదడుకు చేరదు. అక్కడి రక్తకేశనాళికల గోడలో కణాలు సందు లేకుండా అతుక్కుని ఉంటాయి. లెవోడోపాను మాత్రం అమైనో ఆమ్లాలను మోసే వాహక ప్రోటీనే లోపలికి చేరుస్తుంది, అక్కడ అది డోపమైన్‌గా మారుతుంది. మాత్రలో కార్బిడోపా కూడా ఉంటుంది. అది ఆ గోడ దాటదు, దాని ఉపయోగమంతా అందులోనే ఉంది. లెవోడోపా దారిలోనే మారిపోకుండా ఆపుతుంది, వికారాన్నీ తగ్గిస్తుంది. పొడిలో అది లేదు.

యలహంక పెద్దాయన: దూలగొండిలో ఉన్నదీ లెవోడోపానే! పార్కిన్సన్స్ లాంటి కంపవాతానికి ఆయుర్వేదం ఎప్పటినుంచో వాడుతోంది. అల్లోపతిలో కోట్జియాస్ అనే వైద్యుడు పెద్ద మోతాదులతో ఫలితం చూపింది 1967లో.

బనశంకరి: పాలలో మాత్రం కలపకండి. పాల ప్రోటీన్ నుంచి వచ్చే అమైనో ఆమ్లాలు అదే వాహకం కోసం పోటీపడతాయి.

యలహంక పెద్దాయన: తరతరాలుగా పాలతోనే తీసుకున్నారు. పాలు కూడా విషమేనా?

బనశంకరి: విషమని ఎవరన్నారు? మందుకూ పాలకూ మధ్య ఎడం ఉంచమన్నాను.

యలహంక పెద్దాయన: మా ఇంట్లో పాలతోనే ఇచ్చాం, పనిచేసింది.

కోరమంగల: పాల గొడవ ఆపండి. మా మామగారు ఈ పొడిని నమ్మి మాత్రలు ఒక్కసారిగా మానేశారు. జ్వరం వచ్చి ఒళ్లంతా కొయ్యబారిపోయింది, ఐసీయూలో పెట్టాల్సి వచ్చింది. ఇలాంటి సలహాలు ఇచ్చేవారు ఆ బిల్లు కడతారా?

యలహంక పెద్దాయన: మాత్ర మానమని నేనెప్పుడన్నాను? నా భార్యను తీసుకెళ్తే ఆ డాక్టరు తలెత్తి ఆమె ముఖం చూడలేదు. మోతాదు పెంచి చీటీ చేతిలో పెట్టారు. ఆయుర్వేద వైద్యుడు కూర్చోబెట్టి, రాత్రి పక్క మీద తిరగగలుగుతోందా అని అడిగారు. నేను ఎవరిని నమ్మాలి?

మందుల మాస్టారు: ఆ ప్రశ్న డాక్టరే అడగాల్సింది, మీ కోపం న్యాయమే. అయినా పొడిలో లెవోడోపా ఎంతుందో డబ్బాడబ్బాకూ మారుతుంది. మాత్రతో పాటు అదీ వేస్తే ఒంట్లోకి ఎంత పోయిందో ఏ వైద్యుడూ చెప్పలేరు. ఆమె పొడి వాడుతున్న సంగతి డాక్టరుకు చెప్పారా?

యలహంక పెద్దాయన: చెప్పలేదు. చెబితే కసురుతారు.

కోరమంగల: కసిరినా చెప్పండి.

జయనగర్ వాసి: నాన్న మాత్రను ఇడ్లీ సాంబారుతో వేసుకుంటున్నారు. ఎడం కోసం తిండికి అరగంట ముందు ఇస్తే వికారం పెరగదా?

మందుల మాస్టారు: కొందరికి పెరుగుతుంది. రెండు పొడి బిస్కెట్లతో ఇచ్చి చూడవచ్చేమో న్యూరాలజిస్టును అడగండి. కార్బిడోపా పాళ్లు సరిపోతున్నాయా అని కూడా అడగండి.