ఏటీవీకి అదనపు వారంటీ: 49,560 రూపాయలు పెట్టవచ్చా?

జీడితోట:
ఆనందపురం అవతల మాకు పదకొండు ఎకరాల జీడిమామిడి తోట ఉంది. ఎరువు బస్తాలు, మందు డ్రమ్ములు, జీడిపిక్కలు మోయడానికి 5,60,000 రూపాయలకు ఒక ఏటీవీ, అంటే ఎగుడుదిగుడు నేల మీద తిరిగే నాలుగు చక్రాల బండి, ఖరారు చేసుకున్నాను. బండి తోట గట్టు దాటదు, ఆదివారం పిల్లలు పట్టుబడితే ఒకటి రెండు సార్లు భీమిలి వైపు ఇసుకలోకి దిగవచ్చు. కంపెనీ వారంటీ ఒక ఏడాది. దానికి మరో రెండేళ్లు కలపాలంటే 42,000, దానిపైన 18 శాతం జీఎస్టీ, వెరసి 49,560 రూపాయలు. బండి తీసుకునే రోజే కట్టాలని డీలరు అంటున్నారు. మా బావమరిది కట్టమంటున్నాడు, మా నాన్నగారు ఆ డబ్బు బ్యాంకులో వేసుకోమంటున్నారు. మీరేమంటారు?

రుషికొండ గాలి:
మీ నాన్నగారి మాటే వినండి. సముద్రపు ఒడ్డున పర్యాటకులకు అద్దెకు తిప్పడానికి నేను మూడు బండ్లు కొని, మూడింటికీ అదనపు వారంటీ తీసుకున్నాను. రెండో ఏడాది ఒకదానికి ముందు చక్రాల గేరుపెట్టె పట్టేసింది. కాగితం తీసి చూపిస్తే, ఆరో పేజీలో చిన్న అక్షరాలతో ఉన్న ఒక వాక్యాన్ని వాళ్లే నాకు చూపించారు: అద్దెకు గానీ, ఆదాయం కోసం గానీ వాడిన వాహనానికి ఈ ఒప్పందం వర్తించదు. అమ్మిన రోజున నా వ్యాపారమేమిటో వారికి తెలుసు, బిల్లు కూడా వ్యాపారం పేరు మీదే రాశారు.

ఆటోనగర్ రెంచీ:
గాజువాక ఆటోనగర్‌లో పదిహేనేళ్లుగా ఇలాంటి బండ్లే విప్పుతున్నాను కనుక, మన ప్రాంతంలో ఏవి పోతాయో మాత్రం చెప్పగలను. మొదట పోయేది గేర్లకు బదులు తిరిగే బెల్టు. బరువు లాగేటప్పుడు లో రేంజిలో, అంటే నెమ్మదిగా ఎక్కువ బలంతో లాగే గేరులో, వేయకుండా వేగంగా పోయే హైలోనే పోనిస్తే అది వేడెక్కి, అంచులు పిగిలి, ఒక రోజు నల్లటి పొడిగా బయటకు వస్తుంది. రెండోది యాక్సిలు చివర ఉండే రబ్బరు బూటు. ముల్లు గీరి అది చిరిగితే లోపలి గ్రీజు కారిపోతుంది, ఆ ఖాళీలోకి ఇసుక దూరుతుంది, ఆ తరువాత కీలు కటకటమంటుంది. మూడోది ఉప్పు గాలి: వైర్ల కనెక్టరు విప్పితే పిన్నుల మీద పచ్చగా చిలుము పట్టి ఉంటుంది, బండి ఒక రోజు స్టార్టవుతుంది, ఒక రోజు కాదు.
బెల్టు, బ్రేకు ప్యాడ్లు, బ్యాటరీ, టైర్లు అరిగే వస్తువులని నేను చూసిన వారంటీ కాగితాలన్నీ పక్కన పెట్టేశాయి. తుప్పు, నీరు చేరడం కూడా అంతే. తోటకు తగ్గ ప్రశ్న ఒకటే: ఇవన్నీ తీసేశాక ఆ కాగితంలో ఏం మిగిలింది?

సింహాచలం మెట్లు:
పెద్దవే మిగిలాయి, రెంచీ గారూ. నా బండికి పదహారో నెలలో ఇంజిన్‌ను నడిపించే కంప్యూటరు పెట్టె చెడిపోయింది. విడిభాగం 58,000 అన్నారు. అదనపు వారంటీ ఉండబట్టి నేను పైసా కట్టలేదు. అయితే సర్వీసు పుస్తకంలో ప్రతి సర్వీసుకూ ముద్ర ఉంది. మీ దగ్గర బెల్టు మార్పించుకుని, ఆ రసీదు పారేసేవారికి ఈ కాగితం పనికిరాదు.

ఆటోనగర్ రెంచీ:
ఆ పెట్టె సంగతి ఒప్పుకుంటాను. కానీ పదిహేనేళ్లలో ఆ పెట్టె పోయి నా దగ్గరకు వచ్చిన బండ్లు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు, బెల్టు పోయి వచ్చినవి మాత్రం వారానికి ఒకటి.

జిల్లా కోర్టు వీధి:
చట్టం వైపు నుంచి రెండు మాటలు చెబుతాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వాణిజ్య ప్రయోజనానికి కొన్నవారిని వినియోగదారులుగా లెక్కించదు, కానీ స్వయం ఉపాధితో బతుకుతెరువు కోసమే కొని తానే వాడుకునేవారికి ఆ అడ్డు లేదు. కాబట్టి సొంత తోటలో సొంతంగా నడిపే రైతు స్థితి, మూడు బండ్లు అద్దెకు తిప్పే రుషికొండ గారి స్థితి ఒకటి కావు. అలాగని చట్టంలోని నిర్వచనమే వారంటీ కాగితంలో ఉంటుందని అనుకోకండి. అక్కడ ‘ఆదాయం కోసం’ అని రాసి ఉంటే, జీడిపిక్కలు అమ్మడం కూడా ఆదాయమేనని వాదించేవారు ఉంటారు. అందుకే డబ్బు కట్టకముందే లిఖితపూర్వకంగా అడగండి. డీలరు హైదరాబాదులో ఉన్నా, ఫిర్యాదుదారు నివసించే చోటే, అంటే విశాఖపట్నం జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే, ఫిర్యాదు వేయడానికి ఈ చట్టం వీలు కల్పించింది. వివాదానికి కారణం తలెత్తిన నాటి నుంచి రెండేళ్లలోపు వేయాలి.
వారంటీని బీమాతో కలపవద్దని కూడా మనవి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినట్టు మళ్లీ గాలి లేచి షెడ్డు బండి మీద పడితే, ఈ 49,560 లోంచి మీకు ఒక్క బోల్టు కూడా రాదు.

జీడితోట:
అందరికీ ధన్యవాదాలు. ఈ రోజు డీలరు దగ్గర కూర్చుని కాగితం మొత్తం చదివాను, ఆయనకు విసుగు వచ్చింది గానీ టీ ఇప్పించారు. రెండు విషయాలు తేలాయి. ‘వ్యవసాయం’ అనే మాట మినహాయింపుల్లో లేదు, ‘ఆదాయం’ అనే మాట ఉంది. సొంత తోట పని అందులోకి రాదని ఈమెయిలు పంపమని అడిగితే, పైవారిని అడిగి చెబుతామన్నారు. ఇక ఆ రోజే కట్టాలన్న మాట నిజం కాదు. మొదటి వారంటీ ముగిసేలోపు ఎప్పుడైనా కట్టవచ్చని నాలుగో పేజీలో ఉంది, కాకపోతే అప్పటికి సర్వీసులన్నీ వారి దగ్గరే జరిగి ఉండాలి.
కాబట్టి ఇప్పుడు కట్టడం లేదు. పదకొండో నెలలో బండిని ఆటోనగర్ తీసుకువెళ్లి రెంచీ గారితో ఒకసారి కింద నుంచి చూపించి, అప్పటికి ఆ ఈమెయిలు చేతికి వచ్చి ఉంటే కడతాను, రాకపోతే లేదు. పిల్లల భీమిలి సరదా మాత్రం రద్దు చేశాను.

ఆటోనగర్ రెంచీ:
రద్దు అక్కర్లేదండీ. ఇసుకలోంచి వచ్చిన రోజే మంచినీళ్లతో మామూలు పైపు పెట్టి కడగండి, రేడియేటరు రెక్కల్లో ఇరుక్కున్న మట్టి కూడా పోవాలి. సర్వీసు షెడ్లలో కొట్టే ఒత్తిడి నీళ్లు మాత్రం బేరింగుల మీద, కనెక్టర్ల మీద పడనివ్వకండి.