అప్‌డేట్: రెక్క మోడల్ చివరికి దారికొచ్చింది

రెండు వారాల కిందట అడిగిన ప్రశ్న ఇది: నాసా వాళ్ల కామన్ రీసెర్చ్ మోడల్ (పరిశోధకులంతా వాడుకునే నమూనా విమానం) రెక్కను కంప్యూటర్‌లో షెల్ ఎలిమెంట్లతో (పలుచని పలకల్లాంటి ముక్కలతో) కట్టి బరువు తగ్గించబోతే, వంపు మరీ ఎక్కువగా వస్తోంది, ఆప్టిమైజర్ (బరువు తగ్గేలా మందాలను వెతికే ప్రోగ్రామ్) ఒకచోట నిలవడం లేదు, ఎందుకని?

వంపు సంగతిలో తప్పు పూర్తిగా నాదే. ఆ మోడల్‌లో ఇచ్చింది మాక్ 0.85 (ధ్వని వేగంలో 85 శాతం) క్రూయిజ్‌లో నిలకడగా ఎగురుతున్నప్పటి ఆకారం. అంటే గాలి ఒత్తిడికి రెక్క అప్పటికే పైకి వంగి ఉంది. దానిమీదే నేను మళ్లీ 1జీ లోడ్ (మామూలుగా ఎగిరేటప్పుడు రెక్క మీద పడే భారం) వేశాను! లోడ్ ఏమీ లేని జిగ్ షేప్ నుంచి మొదలుపెట్టాలని మీలో ఒకరు చెప్పారు. మిషిగన్ యూనివర్సిటీ వాళ్లు సరిగ్గా ఇందుకోసమే యూసీఆర్ఎం (అదే మోడల్‌కు వంపు లేని రూపం) తయారుచేశారు. దానికి మారగానే వంపు సర్దుకుంది. ఆ రాత్రి ఎంత రిలీఫ్‌గా అనిపించిందో చెప్పలేను.

ఆప్టిమైజర్ ఊగిసలాటకు కారణం వేరు. 2.5జీ పుల్-అప్‌లో (విమానం ముక్కు పైకెత్తినప్పుడు రెక్క మీద రెండున్నర రెట్లు భారం పడే స్థితిలో) అత్యధిక స్ట్రెస్ ఉన్న ఎలిమెంట్‌ను మాత్రమే పరిమితిగా పెట్టాను. మందం కాస్త మారితే ఆ ఎలిమెంట్ ఇంకోచోటికి దూకుతుంది, ఆప్టిమైజర్‌కు ఎటు వెళ్లాలో చెప్పే గ్రేడియంట్ తెగిపోతుంది. ఇప్పుడు అన్ని ఎలిమెంట్ల స్ట్రెస్‌లనూ కలిపి కేఎస్ ఫంక్షన్‌గా (గరిష్ఠానికి దగ్గరగా ఉండే, నునుపుగా మారే ఒకే విలువగా) పెట్టాను. అది అసలు గరిష్ఠం కంటే కొంచెం ఎక్కువే చూపిస్తుంది కాబట్టి రెక్క కొద్దిగా బరువుగా వస్తుంది. ఆ ఫంక్షన్ గరిష్ఠానికి ఎంత దగ్గరగా ఉండాలో నిర్ణయించే రో విలువను మెల్లగా పెంచుతూ ఆ తేడా తగ్గిస్తున్నాను.

రెక్క పై స్కిన్‌కు (పైవైపు రేకుకు) బక్లింగ్ పరిమితి, అంటే నొక్కుడుకు రేకు ఒక్కసారిగా ముడతపడకుండా చూసే పరిమితి, ఇంకా పెట్టలేదు. అది లేకుండా వచ్చిన పలుచని మందాలను నేను నమ్మను, గైడ్‌గారికి కూడా చూపించలేదు. ఈ వారం పని అదే. ఓపిగ్గా జవాబిచ్చిన అందరికీ మనస్ఫూర్తిగా థాంక్స్.