చెరువు చేపకి ఇమ్యూనిటీ మందులు పనిచేస్తాయా, డబ్బులు దండగా?

కైకలూరు రైతు:
శీలావతి చెరువండి. చలికాలం వస్తే చేప ఒంటికి పట్టి కుట్టే పేను, దాని వెనకే ఒంటిమీద ఎర్రమచ్చలు. ఈసారి ముందే బీటా గ్లూకాన్, విటమిన్ సి తవుడులో కలిపి కట్టమంటున్నాడు షాపాయన. ఉపయోగం ఉంటదా? టీకాలాంటిదేమన్నా ఉందా?

చెరువుగట్టు:
ఉంటదండి. గ్లూకాన్ అంటే ఈస్టు నుంచి తీసేది, బ్యాక్టీరియాని మింగే కణాలు దాన్ని చూసి శత్రువే వచ్చాడనుకుని లేచి కూర్చుంటాయి, అప్పుడు ఏరోమోనాస్ (ఎర్రమచ్చలు తెచ్చే బ్యాక్టీరియా) వచ్చినా చేప కాస్త తట్టుకుంటది. చలి ముదరకముందే పెట్టాలి, మచ్చలు పడ్డాక కాదు.

ల్యాబ్ కుర్రాడు:
అంతా బానే ఉంది గానీ పెట్టేది ఎలాగండి? బొక్కలు పెట్టిన సంచి కర్రకి కట్టి నీళ్ళలో వేలాడదీస్తాం, చేప పొడుచుకుని తినేలోపు విటమిన్ సి సగం చెరువే తాగేస్తది. గుళికల మేతకి నూనెతో పట్టిస్తే అది వేరే లెక్క. పైగా గ్లూకాన్ ఆపేస్తే కొన్నాళ్ళకే దాని పని అయిపోద్ది, అలాగని నెలల తరబడి పెట్టినా మంచిది కాదు. టీకా సంగతి చూడండి, నార్వేలో 1987లో సాల్మన్‌కి దాదాపు 50 టన్నుల యాంటీబయాటిక్స్ వాడారు, 1990ల మొదట్లో నూనె కలిపిన టీకా పొట్టలోకి పొడవడం మొదలయ్యాక తగ్గుతూ వచ్చి, ఇప్పుడు చేపల ఉత్పత్తి ఎన్నో రెట్లు పెరిగినా ఏడాదికి టన్ను కూడా వాడట్లేదు.

చెరువుగట్టు:
సాల్మన్ రేటెంత, శీలావతి రేటెంత? ఎకరానికి వేలల్లో పిల్ల వేస్తాం, ఒక్కోదాన్ని పట్టుకుని సూది పొడిచేదెవరు, ఆ కూలి ఎవరిస్తారు?

ల్యాబ్ కుర్రాడు:
నిజమే, అందుకే మేతలో ఇచ్చే టీకాలు, టీకా కలిపిన నీళ్ళలో చేపని ముంచి తీసేవి చూస్తున్నారు. వాటి బలం సూది అంత ఉండదు. ఏరోమోనాస్‌లో రకాలు కూడా ఎక్కువ, ఒకదానికి చేసిన టీకా ఇంకోదానికి సరిగా పట్టదు.

రొయ్యలాయన:
మాకు ఆ గొడవే లేదు, టీకా వేస్తే ఒంట్లో తయారవ్వాల్సిన యాంటీబాడీలే రొయ్యకి అసలు ఉండవు. అయినా మా షాపుల్లో ఇమ్యూనిటీ డబ్బాలకి కొదవ లేదు 😄

ఆకివీడు:
ముందు పేను సంగతి చూడండి సార్. అది కుట్టిన గాయంలోంచేగా బ్యాక్టీరియా దూరేది. తెల్లారుజామున ఆక్సిజన్ మీటరు పెట్టి చూశారా? చేప పైకొచ్చి నోరు తెరుస్తుంటే ఏ పొడి వేసినా ఏం లాభం?

కైకలూరు రైతు:
మీటరు లేదండి, పైకి తేలితే ఏరేటరు వేస్తాం. సరే, ముందు పేనుకి కొట్టి, గ్లూకాన్ ఒక చెరువులోనే పెట్టి చూస్తా, పక్క చెరువుకి ఉత్త తవుడే.

ల్యాబ్ కుర్రాడు:
రెండు చెరువుల్లో పిల్ల ఒకేసారి వేశారా? సైజులో తేడా ఉంటే ఏం తేలదండి.