కోనసీమలో వర్క్ ఫ్రమ్ హోమ్: కరెంటు పోతే కాల్ తెగిపోతోంది, ఏం చేయాలి?

అందరికీ నమస్కారం. మాది అమలాపురం దగ్గర పల్లె. 2020 లాక్‌డౌన్‌లో హైదరాబాద్ గది ఖాళీ చేసి వచ్చేశాను, ఇప్పటికీ ఇంటి నుంచే పని. అద్దె మిగిలింది, అమ్మ చేతి భోజనం. కానీ మీటింగులో ఉంటే అమ్మ తలుపు తీసి "ఒరేయ్, కొబ్బరి దింపువాళ్లొచ్చారు, కాయలు లెక్క చూడు" అంటుంది. ఇంట్లో ఉన్నానంటే ఖాళీ అనే లెక్క! అది ఎలాగో సర్దుకుంటున్నాను.

అసలు టెన్షన్ కరెంటుతో. కాస్త గాలేస్తే కొబ్బరి మట్ట తీగల మీద పడుతుంది. ఇన్వర్టర్ ఉంది, కానీ అది అందుకునేలోపు రౌటర్ ఆగి మళ్లీ మొదలవుతుంది. నెట్ రావడానికి మూడు నిమిషాలు. నిన్న క్లయింటుకు స్క్రీన్ చూపిస్తుండగా ఇదే జరిగింది. మేనేజరు మర్యాదగానే "ఆఫీసుకి వచ్చేయకూడదూ?" అన్నాడు.

రౌటర్ అడాప్టర్ మీద 12 వోల్టులు, 1.5 ఆంపియర్లు అని ఉంది. దీనికి చిన్న రౌటర్ యూపీఎస్ (కరెంటు పోయినా రౌటర్ ఆగకుండా నడిపే బ్యాటరీ పెట్టె) సరిపోతుందా? లేక ఇన్వర్టర్ త్వరగా అందుకునేలా దాని వెనక స్విచ్‌ని యూపీఎస్ మోడ్‌కి మారిస్తే చాలా? గోదావరి లంక గ్రామాల్లో ఇలా పనిచేస్తున్నవాళ్లుంటే, ఫైబర్ తీగే తెగిన రోజు ఏం చేస్తున్నారో కూడా చెప్పండి.