చెక్‌రైడ్‌లో ఎగ్జామినర్ నిష్పాక్షికతకు హామీ ఏమిటి?

నింగిబాట:
అమెరికాలో ప్రైవేట్ పైలట్ లైసెన్స్ కోసం జరిగే చెక్‌రైడ్‌లను, అంటే మౌఖిక పరీక్షతో పాటు విమానం నడిపి చూపించే తుది పరీక్షలను, ఎక్కువగా నిర్వహించేది అక్కడి విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ ఉద్యోగులు కాదు, ఆ సంస్థ అధికారమిచ్చిన డీపీఈలనే ప్రైవేటు ఎగ్జామినర్లు. ఫీజును వారే నిర్ణయించుకుంటారు, వందల డాలర్ల ఆ మొత్తాన్ని అభ్యర్థి చెల్లిస్తారు, కానీ ఎవరి దగ్గరకు వెళ్లాలో చాలాసార్లు ఫ్లయింగ్ స్కూలే చెబుతుంది. తప్పినవారు సాధారణంగా మళ్లీ ఫీజు కట్టవలసి వచ్చే ఈ ఏర్పాటులో నిష్పాక్షికతను ఎలా ఆశించాలి? ఎగ్జామినర్‌ను ఎఫ్‌ఏఏ లాటరీ పద్ధతిలో కేటాయించాలని నా అభిప్రాయం.

రన్‌వే 36:
ఇన్‌స్ట్రక్టర్‌గా నేను ఏకీభవించను. డీపీఈల కొరత వల్ల అభ్యర్థులు వారాల తరబడి వేచి ఉంటున్నప్పుడు, తీరిక లేని ఎగ్జామినర్‌కు ఒక రీటెస్ట్ వల్ల ఒరిగేదేమీ లేదు. ప్రలోభమంటూ ఉంటే అది ఉదారంగా ఉత్తీర్ణులను చేసి స్కూలు మెప్పు పొందడంలోనే ఉంటుంది. పైగా ఈ పరీక్షకు కొలమానాలుగా 2016 నుంచి అమల్లో ఉన్న ఏసీఎస్ ప్రమాణాలు స్పష్టంగా ఉన్నాయి: స్టీప్ టర్న్‌లో (విమానాన్ని బాగా వాల్చి తిప్పే మలుపులో) ఎత్తు 100 అడుగులకు, వేగం 10 నాట్లకు మించి తేడా రాకూడదు, షార్ట్ ఫీల్డ్ ల్యాండింగ్‌లో (పొట్టి రన్‌వేపై దిగే పద్ధతిలో) చెప్పిన చోటు నుంచి 200 అడుగుల లోపే చక్రాలు నేలను తాకాలి. ఎత్తును చూపే ఆల్టిమీటర్‌కు ముఖప్రీతి ఉండదు.

తోకచుక్క:
తీరిక లేని ఎగ్జామినర్‌కు రీటెస్ట్ ఫీజు అక్కరలేకపోతే స్కూలు మెప్పు మాత్రం ఎందుకు? మీ మొదటి వాదం రెండవదాన్ని కొట్టేస్తోంది. ఇక అంకెల విషయానికి వస్తే, పరిమితులను పదేపదే దాటడం, దాటినప్పుడు వెంటనే సరిదిద్దుకోకపోవడం అసంతృప్తికర ప్రదర్శన అని అదే ఏసీఎస్ చెబుతుంది. కాబట్టి ఒకసారి 120 అడుగులు దిగి తేరుకున్న అభ్యర్థి “వెంటనే” తేరుకున్నారా లేదా అన్నది ఎగ్జామినర్ నిర్ణయమే. మౌఖిక పరీక్షలో ఆ అంకెల ఆసరా కూడా ఉండదు. ఒక్క విభాగంలో తప్పినా పరీక్ష మొత్తం తప్పినట్టే, మూడో సాక్షి లేడు. లాటరీతో కొరత తీరదు గనుక నేను కోరేది ఆడియో రికార్డింగ్. ఉత్తీర్ణమైన విభాగాలకు క్రెడిట్ నిలిచే, అంటే రీటెస్ట్‌లో వాటిని మళ్లీ చేయనక్కరలేని, 60 రోజుల వరకైనా దాన్ని భద్రపరచాలి.

రన్‌వే 36:
ఆ వైరుధ్యాన్ని అంగీకరిస్తున్నాను. అయితే రికార్డు అవుతోందంటే, పరీక్ష ముగిశాక లోపాలను విడమరచి చెప్పే ఎగ్జామినర్లు సైతం తప్పినట్టు ఇచ్చే నోటీసులోని నాలుగు ముక్కలతో సరిపెడతారు. నా విద్యార్థులకు ఎక్కువ మేలు చేసినవి ఆ సంభాషణలే. పరీక్ష భాగానికే రికార్డింగ్‌ను పరిమితం చేస్తే నాకు అభ్యంతరం లేదు.