భార్యాభర్తలిద్దరూ ఒకే ఎమ్మెస్సీ ఇంటర్నేషనల్ బిజినెస్‌లో చేరడం డబ్బు దండగేనా?

రెండు_ఆఫర్లు:
అందరికీ నమస్తే. మాకు పెళ్ళయి రెండేళ్ళు, పిల్లలు లేరు. ఇద్దరికీ హైదరాబాద్‌లోనే ఉద్యోగాలు. ఒకరిది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్, ఇంకొకరిది షిప్పింగ్ కంపెనీలో ఎక్స్‌పోర్ట్ డాక్యుమెంటేషన్. యూకేలో ఎమ్మెస్సీ ఇంటర్నేషనల్ బిజినెస్‌కి 2026 సెప్టెంబర్ ఇంటేక్‌లో ముందు ఒకరికి సీటొచ్చింది. 2024 జనవరి నుంచి మొదలైన టాట్ మాస్టర్స్ (రీసెర్చ్ కాకుండా క్లాసుల్లో చదివే) కోర్సులకి డిపెండెంట్‌ని, అంటే భర్తనో భార్యనో, తీసుకెళ్ళనివ్వట్లేదు కదా, అందుకని రెండోవాళ్ళం కూడా అదే కోర్సుకి అప్లై చేస్తే ఆఫర్ వచ్చేసింది. ఫీజు మనిషికి 17,000 పౌండ్ల దరిదాపు, అంటే సుమారు 20 లక్షలు. బ్యాంకు తనఖా అడుగుతోంది, గుంటూరులో ఇల్లు చూపిస్తున్నాం. డిపాజిట్ కట్టేముందు అడుగుదామని వచ్చాను. ఇలా జంటగా చదివినవాళ్ళున్నారా?

పాతకాపు:
తమ్ముడూ, సూటిగా చెప్తా, ఏమీ అనుకోకు. ఒకే కోర్సు, ఒకే యూనివర్సిటీ, రెండు ఫీజులు. బయటికొచ్చాక ఇద్దరూ ఒకే ఉద్యోగానికి అప్లికేషన్ పెడతారు. నువ్వొక్కడివీ వెళ్ళు. అమ్మాయి ఇక్కడ ఉద్యోగం వదలకుండా నెలనెలా వడ్డీ కట్టుకొస్తుంది. కోర్సు అయ్యాక ఏడాది దాకా ఈఎంఐ ఉండదని జనం నిశ్చింతగా కూర్చుంటారు, ఆ వడ్డీ మాత్రం పెరుగుతూనే ఉంటుంది. నీ చదువు అవగానే పీఎస్‌డబ్ల్యూ (చదువయ్యాక పని చేసుకోవడానికిచ్చే వీసా) మీద ఆవిడని పిలిపించుకో. మా తమ్ముడు 2022లో మరదలిని తీసుకెళ్ళాడు.

దారినపోయేవాడు:
ఒక లోన్ చాలు బ్రో.

లెస్టర్_ఇడ్లీ:
పాతకాపు గారూ, ఆ చివరి మాట కుదరదు. గ్రాడ్యుయేట్ రూట్‌లో (మనవాళ్ళు పీఎస్‌డబ్ల్యూ అంటున్నది అదే) కొత్తగా డిపెండెంట్‌ని చేర్చడానికి లేదు. స్టూడెంట్ వీసాలో ఉన్నప్పుడే డిపెండెంట్‌గా ఉన్నవాళ్ళకే అందులో కొనసాగింపు. స్టూడెంట్‌గా తీసుకురావడమే ఆపేశారు కాబట్టి ఆ దారి మూసుకుపోయినట్టే. ఇంకోటి, 2027 జనవరి 1 నుంచి అప్లై చేసేవాళ్ళకి అది రెండేళ్ళు కాదు, 18 నెలలే. వీళ్ళు 2026 సెప్టెంబర్‌లో చేరుతున్నారు కాబట్టి 18 నెలల లెక్కలోకే వస్తారు. స్కిల్డ్ వర్కర్ వీసా దొరికితేనే భర్తనో భార్యనో తెచ్చుకోవడం. దానికి మామూలుగా 41,700 పౌండ్ల జీతం ఉండాలి, చదువు అయిన కొత్తలో 33,400 చాలు. ఇంటర్నేషనల్ బిజినెస్ చదివి బయటికి రాగానే అంత జీతంతో స్పాన్సర్ చేసే కంపెనీ ఎందరికి దొరుకుతోందో ఇక్కడ రోజూ చూస్తున్నాను.

పాతకాపు:
మా తమ్ముడు తీసుకెళ్ళాడయ్యా. నా కళ్ళముందు జరిగిందాన్ని కాదంటావేంటి?

లెస్టర్_ఇడ్లీ:
2022లో స్టూడెంట్ వీసా మీద కుదిరేది, ఎవరు కాదన్నారు? ఇప్పుడు ఆ రూల్ మారింది అంటున్నాను.

పాతకాపు:
రూల్ వందసార్లు మారుతుంది. మళ్ళీ మారదని రాసిస్తావా?

వరంగల్_పోరడు:
గీ లొల్లి ఎందుకన్నా, కెనడా పోరాదుండ్రి. 16 నెలలకు తక్కువ గాకుండ మాస్టర్స్ అయితే స్పౌజ్‌కు ఓపెన్ వర్క్ పర్మిట్ ఇస్తున్నరు. ఒక్కరు చదువుకుంటే సాలు. ఆస్ట్రేలియాల గూడ మాస్టర్స్ చేసెటోళ్ళ స్పౌజ్‌కు పని గంటల మీద పరిమితి లేదు.

రెండు_ఆఫర్లు:
కెనడా చూశాం అన్నా. అక్కడి ఖర్చులకి ముందే చూపించాల్సిన డబ్బే ఒక్కరికి 22,895 డాలర్లు, మనిషి పెరిగితే అదీ పెరుగుతుంది. ఆస్ట్రేలియాలో వీసా ఫీజే 2,000 డాలర్లు. యూకేలో ఏడాదిలో అయిపోతుందని ఇటు మొగ్గాం.

ఒకప్పటి_ఎఫ్2:
పాతకాపు గారికి ఒక మాట. "అమ్మాయి ఇక్కడే ఉండి వడ్డీ కడుతుంది" అని ఎంత తేలిగ్గా అన్నారండీ! మా ఆయన అమెరికాలో ఎమ్మెస్ చేస్తుంటే నేను ఎఫ్2 (స్టూడెంట్ భార్యకో భర్తకో ఇచ్చే వీసా) మీద వెళ్ళాను. ఎంబీఏ మార్కెటింగ్ చదివి, బ్యాంకులో పనిచేసి వెళ్ళినదాన్ని. ఆ వీసా మీద పని చేయకూడదు. చదవాలన్నా పార్ట్‌టైమే, దానికీ ఫీజు కట్టే స్థోమత ఆరోజుల్లో మాకు లేదు. పాల క్యాన్ కొనాలన్నా ఆయన కార్డే. ఇండియా వచ్చినప్పుడు చుట్టాలు "అల్లుడుగారి చదువు ఎంతదాకా వచ్చింది" అని అడిగేవారు గానీ, నువ్వేం చేస్తున్నావని నన్ను అడిగినవాళ్ళు లేరు. తర్వాత ఉద్యోగాలకి వెళ్తే ఆ ఖాళీ సంవత్సరాల గురించే మొదటి ప్రశ్న. ఈ అమ్మాయికి తన పేరు మీద డిగ్రీ, తన వీసా, తన అకౌంట్ ఉంటాయి. 20 లక్షలు కాదు, 30 అయినా పెట్టండి.

పాతకాపు:
అమ్మా, మీ బాధ నేను కాదనను. కానీ మీది అమెరికా, వీళ్ళది యూకే. మీ చుట్టాలు అడగలేదని వీళ్ళు ఇల్లు తాకట్టు పెట్టాలా? మా తమ్ముడి సంగతి పూర్తిగా చెప్తా వినండి. మరదలు కూడా అక్కడ చదువుతానంటే రెండో లోన్ తీశారు. వాడికి గోడౌన్‌లో పని, ఆ అమ్మాయికి కేర్ హోమ్‌లో పని. డిగ్రీలు రెండూ బీరువాలో ఉన్నాయి. ఇప్పుడు ఇద్దరూ తిరిగొచ్చారు, ఈఎంఐ మా నాన్న పెన్షన్‌లోంచి పోతోంది. నాకు తెలిసిన లెక్క ఇది.

ఒకప్పటి_ఎఫ్2:
మీ తమ్ముడి డిగ్రీ కూడా బీరువాలోనే ఉంది కదా. మరి దండగ అయింది మరదలి ఫీజు ఒక్కటేనా?

దారినపోయేవాడు:
🔥

టిక్కీ_లెక్క:
మాది గుంటూరు, మిర్చి ఎగుమతి. అసలు ఈ కోర్సులో ఏం నేర్పుతారో ఎవరైనా అడిగారా? ఐఈసీ కోడ్‌కి (ఎగుమతి-దిగుమతి నంబరు) డీజీఎఫ్‌టీ (కేంద్ర విదేశీ వాణిజ్య విభాగం) పోర్టల్‌లో 500 రూపాయలు కడితే ఎగుమతి చేసే అర్హత వచ్చేస్తుంది. మసాలా సరుక్కి స్పైసెస్ బోర్డు రిజిస్ట్రేషన్ కూడా ఉండాలి. ఆ తర్వాత నేర్చుకోవాల్సిందంతా మిర్చి యార్డులోనే. తేజ రకం మిర్చి ఏ కోల్డ్ స్టోరేజీలో ఎన్ని టిక్కీలు (బస్తాలు) ఉంది, యూరప్‌కి పంపేముందు అఫ్లాటాక్సిన్ (బూజు విషం) రిపోర్టు ఎంతొచ్చింది, బయ్యర్ ఎల్‌సీలో (డబ్బు చెల్లిస్తామని బయ్యర్ బ్యాంకు ఇచ్చే హామీపత్రం) రాసిన పేరుకీ మన ఇన్‌వాయిస్‌లో రాసిన పేరుకీ ఒక్క అక్షరం తేడా ఉంటే బ్యాంకు డబ్బు ఎలా ఆపేస్తుంది. ఇవి పౌండ్లు పోసి యూకేలో నేర్చుకోవాలా? చదువే కావాలంటే ఐఐఎఫ్‌టీ (విదేశీ వాణిజ్యం నేర్పే కేంద్ర సంస్థ) ఉంది, 1963 నుంచీ ఇదే పని మీద ఉంది. 2022లో కాకినాడకీ వచ్చింది.

రెండు_ఆఫర్లు:
ఐఐఎఫ్‌టీ కాకినాడలో ప్రధానంగా ఇంటర్ పాసైనవాళ్ళకి ఐదేళ్ళ కోర్సు అన్నా. ఎంబీఏకి మళ్ళీ ఎంట్రెన్స్ రాయాలి. మీరు చెప్పిన ఎల్‌సీ గొడవ మా ఇంట్లో రోజూ భోజనాల దగ్గర వినేదే.

పరీక్షల_పురుగు:
ఫీజు గురించే కొట్టుకుంటున్నారు, ఇంకోటి చెప్తా. ఒకే కోర్సులో మొగుడూ పెళ్ళాలుంటే అసైన్‌మెంట్ల దగ్గర జాగ్రత్త. మా బ్యాచ్‌లో ఒక జంట ఒకే టేబుల్ మీద కూర్చుని, ఒకే కంపెనీ కేస్ తీసుకుని, ఒకే పుస్తకాలు చదివి రాశారు. ఇద్దరి పేపర్లూ ఒకేలా ఉన్నాయని సాఫ్ట్‌వేర్ పట్టేసింది. కొల్యూజన్ (కలిసి రాసి విడివిడిగా ఇవ్వడం) కింద విచారణ వేశారు. కాపీ కొట్టలేదని నిరూపించుకోవడానికి డ్రాఫ్టులన్నీ చూపించాల్సి వచ్చింది. తలో టాపిక్ తీసుకోండి, ఆప్షనల్ సబ్జెక్టులు వేరువేరు పెట్టుకోండి.

లెస్టర్_ఇడ్లీ:
ఇది నిజంగా పనికొచ్చే మాట. ఖర్చుల్లో కలిసొచ్చేదీ ఉంది. ఒక గదికే అద్దె, వంట ఒక్కటే, ఇంట్లో ఇద్దరూ ఫుల్‌టైమ్ స్టూడెంట్లయితే కౌన్సిల్ ట్యాక్స్ (ఇక్కడి ఇంటి పన్ను) ఉండదు. వీసాతోపాటు కట్టే హెల్త్ సర్‌చార్జ్ మాత్రం మనిషికి ఏడాదికి 776 పౌండ్లు, అది తప్పదు. క్లాసులు జరిగే రోజుల్లో పని వారానికి 20 గంటలు దాటకూడదు. ఆ సంపాదనతో ఫీజు కట్టేద్దామనుకుంటే మాత్రం రావద్దు.

పాతకాపు:
చూశారా? రావద్దని వాళ్ళే అంటున్నారు.

లెస్టర్_ఇడ్లీ:
నేను అన్నది అది కాదు మహాప్రభో.

బ్యాంకు_బాధితుడు:
ఆఫర్ల తమ్ముడూ, ఆ గుంటూరు ఇల్లు ఎవరి పేరు మీదుంది? ఎందుకంటే 7.5 లక్షలు దాటితే ప్రభుత్వ బ్యాంకులు మామూలుగా ఆస్తి తనఖా అడుగుతాయి, పొలం పెడతానంటే ఒప్పుకోవు, ఇల్లో ప్లాటో కావాలి, ఓనరు వచ్చి సంతకం చేయాలి. ఇంకో మెలిక ఏంటంటే, చదువు లోన్ వడ్డీకి ఆదాయపు పన్ను మినహాయింపు పాత పన్ను విధానంలోనే, అదీ లోన్ తన పేరు మీద తీసుకుని కట్టేవాళ్ళకే. తనకోసం, భార్య లేదా భర్త కోసం, పిల్లల కోసం తీసుకుంటేనే చెల్లుతుంది. మీ నాన్నగారు తీసుకుంటే కొడుకు చదువు వడ్డీకి మినహాయింపు వస్తుంది, కోడలిదానికి రాదు. ఆ రెండో లోన్ ఎవరు మోస్తారో ముందు తేల్చుకోండి.

రెండు_ఆఫర్లు:
ఇల్లు కుటుంబంలోదే అన్నా. పేరు సంగతి మేం చూసుకుంటాం.

బ్యాంకు_బాధితుడు:
చూసుకుంటాం అంటే బ్యాంకు వినదు తమ్ముడూ.

పాతకాపు:
అడిగినదానికి తిన్నగా చెప్పడం లేదంటేనే తెలుస్తోంది. అమ్మానాన్నల ఇల్లు పెట్టి పెళ్ళాన్ని వెంటేసుకెళ్ళడానికి ఒక డిగ్రీ కొంటున్నావు. ఆ అమ్మాయికి ఇంటర్నేషనల్ బిజినెస్ మీద ఏం ఆసక్తి ఉందో పాపం.

మొదటి_ఆఫర్:
"పాపం" అనిపించుకున్న అమ్మాయిని నేనే. మా ఆయన మెల్లగా చెప్తాడులే అని ఇంతసేపూ ఊరుకున్నాను. ముందు సీటొచ్చింది నాకు. ఎక్స్‌పోర్ట్ డాక్యుమెంటేషన్ చేసేది నేను, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ తనది. మా నాన్న మిర్చి కమీషన్ వ్యాపారి. ఎగుమతి చేసేవాళ్ళకి సరుకు ఇవ్వడమే తప్ప సొంతంగా ఒక్క కంటైనర్ పంపలేదు. ఆ పని నేను చేయాలని అప్లై చేశాను. టిక్కీ_లెక్క గారూ, యార్డులో అన్నీ నేర్చుకోవచ్చన్నారు. యార్డులో నన్ను కూర్చోనిచ్చేదెవరండీ? మా నాన్నే "నువ్వెందుకమ్మా ఈ ఘాటులో" అంటాడు. ఇల్లు కూడా ఆయనదే. కాబట్టి బాధితుడు గారూ, మీ లెక్క తిరగేయండి: కూతురి లోన్‌కి మినహాయింపు, అల్లుడి లోన్‌కి లేదు.

వరంగల్_పోరడు:
అరెరె. అందరు ఉల్టా సమజ్ చేస్కున్నరు.

పాతకాపు:
అయితే మరీ అన్యాయం. మామగారి ఇల్లు తాకట్టు పెట్టి అల్లుడు పెళ్ళాం వెనకాల చదువుకోవడం ఏంటి? ఇల్లరికం కూడా ఇంతకంటే నయం.

రెండు_ఆఫర్లు:
మాటలు జాగ్రత్తగా రాయండి. నేను పిల్లనిచ్చినవాళ్ళ దగ్గర రూపాయి తీసుకోలేదు.

పాతకాపు:
ఇప్పుడు తీసుకుంటున్నావుగా 20 లక్షలు.

ఒకప్పటి_ఎఫ్2:
భర్త చదువుకి భార్య ఇక్కడుండి వడ్డీ కట్టాలి, భార్య చదువుకి భర్త వెళ్తే ఇల్లరికం. ఇంతసేపూ డబ్బు లెక్కలు చెప్పారు, మీకు గుచ్చుకున్నది అది కాదన్నమాట.

ఇంకో సంగతి, ఇది జంటకి. తమ్ముడూ, ఈ కోర్సు నీకు కావాలా? పైన రాసిందంతా మళ్ళీ చదివాను, నాకిది చదవాలనుంది అని నువ్వు ఒక్కచోట కూడా అనలేదు. తోడుగా వెళ్ళడానికి మనిషి ఏమేం వదులుకుంటాడో నాకు తెలుసు. డిగ్రీ చేతిలో ఉన్నంతమాత్రాన అది తోడు వెళ్ళడం కాకుండా పోదు.

రెండు_ఆఫర్లు:
నిజం చెప్పాలంటే నాకు అక్కర్లేదు. నేను ఇక్కడే ఉద్యోగం చేసుకుంటూ తన వడ్డీ కడతానన్నాను. పాతకాపు గారి ప్లానే, మనుషులు తారుమారు. కుదరలేదు.

మొదటి_ఆఫర్:
కుదరనివ్వంది మా నాన్న. "పెళ్ళయిన పిల్లని ఒక్కదాన్నే పంపితే అల్లుడు వదిలేశాడంటారు. ఇద్దరూ వెళ్తేనే ఇంటి కాగితాల మీద సంతకం పెడతా" అన్నాడు. ఈయనేమో వెంటనే అప్లై చేసేశాడు. నాన్నతో గట్టిగా మాట్లాడు అంటే వినడు. పెద్దాయన, ఎదురు చెప్తే బాగోదు అంటాడు. మా ఇద్దరి గొడవా అదే. ఈ సంగతి పైన రాయమన్నాను, రాయలేదు.

పాతకాపు:
మీ నాన్నగారు అన్నదాంట్లో తప్పేముందమ్మా? లోకం అంటుంది కదా. ఆడపిల్ల తండ్రి భయం ఆయనది.

ఒకప్పటి_ఎఫ్2:
ఆ భయం ఖరీదు 17,000 పౌండ్లు, దాన్ని కట్టేది వీళ్ళు. లోకం వచ్చి ఒక్క ఈఎంఐ కూడా కట్టదు.

టిక్కీ_లెక్క:
అమ్మా, మీ నాన్నలాంటివాళ్ళతోనే రోజూ నా వ్యాపారం. ఆయనకి వీసా రూల్స్ చెప్పకండి, వినడు. రెండో లోన్ మీద నెలకి ఎంత వడ్డీ పడుతుందో కాగితం మీద రాసి ముందు పెట్టండి. సరుకు కోల్డ్ స్టోరేజీలో ఉన్నన్నాళ్ళూ అద్దె, వడ్డీ లెక్కేసుకునే మనిషి, ఆ అంకె ఆయనకి ఇట్టే ఎక్కుతుంది. మాట్లాడాల్సింది మాత్రం అల్లుడే. కూతురు చెప్తే మొండితనం అంటాడు. ఈ కోర్సు మీద నా అభిప్రాయం మారలేదు, అది వేరే సంగతి.

లెస్టర్_ఇడ్లీ:
విజిటర్ వీసా మీద అల్లుడుగారు వచ్చి ఆరు నెలల దాకా ఉండొచ్చు. ఇక్కడ ఉద్యోగం చేయకూడదు, అంతే. మధ్యలో ఒకసారి వచ్చి ఇద్దరూ కలిసి దిగిన ఫొటో గుంటూరు పంపిస్తే లోకం సంగతి కూడా తీరుతుంది.

రెండు_ఆఫర్లు:
ఈ వారం తన డిపాజిట్ ఒక్కటే కడుతున్నాం. నాదానికి ఇంకా గడువుంది. ఆదివారం గుంటూరు వెళ్తున్నాను.

మొదటి_ఆఫర్:
వెళ్తున్నాను అని ఇక్కడ రాశాడు, నాకు ఇంకా చెప్పలేదు.

పాతకాపు:
వెళ్ళు తమ్ముడూ. కానీ ఆ 18 నెలల సంగతి అధికారికంగా ఎక్కడుందో లెస్టర్ ఆయన ఇంకా చూపించలేదు.

లెస్టర్_ఇడ్లీ:
బ్రిటన్ ప్రభుత్వ సైట్‌లో గ్రాడ్యుయేట్ వీసా పేజీ తెరవండి సార్. మీ తమ్ముడు వెళ్ళిన ఏడాది పేజీ కాదు, ఇవాళ్టిది.

దారినపోయేవాడు:
ఏ యూనివర్సిటీనో చెప్పనే లేదు బ్రో.