తిరుపతి ఎండలో అల్లం బీరు: సీసాలో గ్యాస్ ఎన్నాళ్లు పట్టించాలి, ఎన్నాళ్లు నిల్వ ఉంచవచ్చు?

కొర్లగుంట వాసి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. ఉద్యోగరీత్యా కొన్నేళ్లు అమెరికాలోని ఒరెగాన్‌లో ఉన్నప్పుడు, ఇంటి వాడకానికి బీరు కాచుకోవడాన్ని అక్కడి చట్టం అనుమతిస్తుంది కనుక, మిత్రులతో కలిసి తయారుచేసేవాణ్ణి. పులియడం పూర్తయ్యాక లీటరుకు 6 గ్రాముల చక్కెర కలిపి, సీసాలకు మూతలు బిగించి, రెండు వారాలు గదిలో ఉంచితే చక్కటి నురగ వచ్చేది. బాగా గాఢమైన నల్ల బీరునైతే ఏడాది దాచి తాగేవాళ్లం.

తిరుపతికి తిరిగి వచ్చాక ఆ సరదాను అల్లం బీరుతో తీర్చుకుంటున్నాను. 4 లీటర్ల నీటికి 400 గ్రాముల చక్కెర, పావుకిలో అల్లం తురుము, రెండు నిమ్మకాయల రసం, చిటికెడు బేకరీ ఈస్ట్ వేసి, ఒక రోజు పులియనిచ్చి వడగట్టి, పాత అలవాటు ప్రకారం రెండు వారాల లెక్కతో గాజు సీసాలను వంటింటి అటక మీద పెట్టాను. ఏడో రోజు అర్ధరాత్రి ఒకటి పేలింది. గ్యాస్ సిలిండరేమోనని అమ్మ మంచం మీద నుంచి లేచి వీధిలోకి పరుగెత్తింది. తెల్లవారి చూస్తే గాజు పెంకులు బియ్యం డబ్బా వెనకదాకా వెళ్లాయి. ఇంకా ఐదు సీసాలు అటక మీదే ఉన్నాయి. నా లెక్క ఎక్కడ తప్పింది? బీరులాగా దీన్ని కూడా కొన్ని నెలలు నిల్వ ఉంచితే రుచి పెరుగుతుందా?

చిత్తూరు బెల్లం

ముందు ఆ ఐదు సీసాల సంగతి చూడండి. కళ్లద్దాలు పెట్టుకుని, ఒక్కొక్క సీసాకు మందపాటి తువ్వాలు చుట్టి, ఏమాత్రం కుదపకుండా ఫ్రిజ్‌లోకి చేర్చండి. ఒక రోజంతా చల్లబడ్డాక, తువ్వాలు తీయకుండానే మూతను కొద్దికొద్దిగా సడలించండి. చల్లదనంలో ఈస్ట్ మందగిస్తుంది, వాయువు ద్రవంలో ఎక్కువగా కరిగి ఉంటుంది కనుక సీసా మీద ఒత్తిడి తగ్గుతుంది. బీరులో సాధారణంగా ఉండేంత గ్యాస్ ఉన్న సీసాలో, 4 డిగ్రీల వద్ద ఒత్తిడి ముప్పావు బార్ (ఒక బార్ అంటే సుమారుగా మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడి) ఉంటే, 30 డిగ్రీల వద్ద దాదాపు మూడు బార్లకు చేరుతుంది. వేసవిలో మన అటకల మీద వేడి అంతకన్నా ఎక్కువే.

ఇక లెక్క. ఒరెగాన్‌లో మీరు చేసిన పనికీ ఇక్కడ చేసిన పనికీ పైకి పోలిక కనిపిస్తుంది గానీ, లోపల జరిగేది వేరు. అక్కడ ఈస్ట్ తినగలిగిన చక్కెరంతా పీపాలోనే తినేసింది. హైడ్రోమీటర్ (ద్రవంలో చక్కెర ఎంత మిగిలిందో తెలిపే సాధనం) రీడింగు మూడు రోజులపాటు కదలకపోతేనే మీరు సీసాల్లో నింపి ఉంటారు. ఆ తరువాత కొలిచి వేసిన 6 గ్రాములే సీసాలో పుట్టే గ్యాస్‌కు మూలధనం, అది అయిపోగానే ఈస్ట్ తనంతట తానే ఆగిపోతుంది. అందుకే అక్కడ రెండు వారాలైనా, రెండు నెలలైనా సీసాకు ప్రమాదం లేదు. అల్లం బీరును తియ్యగా ఉండగానే సీసాలో పోస్తాం. ఒక రోజు పులిసిన తరువాత కూడా మీ సీసాల్లో లీటరుకు 100 గ్రాములకు కాస్త తక్కువగా చక్కెర మిగిలి ఉంటుంది. లీటరు ద్రవంలో లీటరు వాయువు పుట్టడానికి సుమారు 4 గ్రాముల చక్కెర చాలు. బీరు సీసాలో ఉండేది లీటరుకు రెండున్నర లీటర్ల వాయువే. మీ చక్కెరంతా పులిస్తే పాతిక లీటర్ల దాకా పుడుతుంది. దాన్ని తట్టుకునే బీరు సీసా ఎక్కడా లేదు.

కనుక ఇక్కడ ఆపవలసింది మీరే, ఈస్ట్ కాదు. గాజును పక్కన పెట్టి, కూల్‌డ్రింక్ వచ్చే ప్లాస్టిక్ సీసాల్లో పైన రెండు అంగుళాల ఖాళీ వదిలి నింపండి. పూటపూటకూ బొటనవేలితో నొక్కి చూడండి. వేలు దిగకుండా సీసా రాయిలా గట్టిపడగానే ఫ్రిజ్‌లో పెట్టి, వారం పది రోజుల్లో తాగేయండి.

గోలీసోడా అభిమాని

పెద్దలు చెప్పిన దానికి చిన్న అనుబంధం. మా వీధిలో మూతపడిన సోడా షాపు నుంచి పాత గోలీసోడా సీసాలు తెచ్చి నేనూ ఈ ప్రయోగం చేసి భంగపడ్డాను. గోలీని పైకి నెట్టి మూతి దగ్గరి రబ్బరుకు అదిమి పట్టేది లోపలి గ్యాసే. సోడా మిషనులో ఒత్తిడితో నింపుతారు కనుక గోలీ వెంటనే బిగుస్తుంది. మన ద్రవంలో మొదట గ్యాస్ ఉండదు, అందువల్ల గోలీ సీసా మెడలోని నొక్కు దగ్గరే కూర్చుంటుంది, పుట్టిన గ్యాస్ పుట్టినట్టే బయటికి పోతుంది. నాలుగు రోజుల తరువాత నాకు మిగిలింది చప్పటి అల్లం నీళ్లు.

కొర్లగుంట వాసి

చాలా కృతజ్ఞతలు. సీసాలు ఫ్రిజ్‌లో చేరాయి. నిల్వ గురించి కూడా ఎవరైనా వివరిస్తే బాగుంటుంది. బెల్లం వాడాలనే ఆలోచన కూడా ఉంది.

మదనపల్లె మిత్రుడు

గ్యాస్ పట్టించడం ఒక పని, ముదరబెట్టడం ఇంకొక పని. మొదటిది ఈస్ట్ చేస్తుంది. రెండోదాంట్లో ఎక్కువ భాగం ఆమ్లజనిదీ కాలానిదీ. బీరులోనైనా నిల్వతో బాగుపడేవి ఆల్కహాలు ఎక్కువగా ఉన్న గాఢమైన రకాలు మాత్రమే. హాప్స్ (బీరుకు చేదు, వాసన ఇచ్చే పూలు) పరిమళం కోసం తాగే బీరు నెలలు గడిచేకొద్దీ నీరసిస్తుంది, తేలికపాటి బీరుకు తడిసిన అట్టపెట్టె వాసన వస్తుంది. వేడి ఈ మార్పును ఎన్నో రెట్లు తొందరపెడుతుంది కనుక, ఒరెగాన్ నేలమాళిగలో ఏడాదికి వచ్చే ముసలితనం తిరుపతి మే నెలలో కొద్ది వారాలకే వస్తుంది. అల్లం బీరులో దాచుకోదగినదేమీ లేదు. తాజా అల్లం ఘాటు, నిమ్మ వాసన, ఈ రెండూ ముందుగా పోయేవే.

ఫ్రిజ్‌లో చోటు లేకపోతే, సీసాలను నీళ్ల పళ్లెంలో నిలబెట్టి తడి గోనెసంచి కప్పే పాత పద్ధతి ఎండాకాలంలో కొంత పనిచేస్తుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన వానల్లో గాలి తేమగా ఉంటుంది కనుక అప్పుడు దాన్ని నమ్ముకోవద్దు. బెల్లం రుచికి బాగుంటుంది, చిత్తూరు బెల్లం మరీను. అయితే అందులో తేమ, ఖనిజాలు దిమ్మకొక రకంగా ఉంటాయి కనుక చక్కెరలాగా గ్రాముల లెక్క కుదరదు. ప్లాస్టిక్ సీసాను నొక్కి చూడడమే కొలత.

ఇంకొక మాట. సీసా గట్టిపడే సమయానికే ఇందులో సుమారు ఒక శాతం ఆల్కహాలు ఉండవచ్చు. చక్కెరంతా పులిస్తే ఆరు శాతం దాటుతుంది, అంటే అది బీరే. లైసెన్సు లేకుండా ఇంట్లో బీరు చేయడం మన రాష్ట్ర ఆబ్కారీ చట్టం ప్రకారం నేరం. అందుకే తొందరగా చల్లబరచడం సీసాకే కాదు, మీకూ క్షేమం. అమ్మగారు ఏకాదశి నాడు తాగే అలవాటు ఉంటే, పిల్లలకు ఇచ్చే అలవాటు ఉంటే, ఈ సంగతి ముందే చెప్పడం మర్యాద.

కొర్లగుంట వాసి

అమ్మకు చెప్పాను. తనకు ఉత్త అల్లం షర్బత్ చాలన్నది. కొత్త విడతను ప్లాస్టిక్ సీసాల్లో నింపి చూశాను. గది 34 డిగ్రీలుండగా ముప్పై గంటలకే సీసా గట్టిపడింది.